నలభై అయిదు కాకినాడలు

అన్నయ్య పోయాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చెప్పినవాడు ఏడుస్తున్నాడు. నాకు మాత్రం అన్నయ్య ఇచ్చి తప్పిన ఒక మాట గుర్తొచ్చింది. "వచ్చే జూన్‌లో పారిస్‌లో కారెక్కుతాం. నువ్వు కొంచెం, నేను కొంచెం నడుపుకుంటూ పోయి సముద్రం ఒడ్డున మనింట్లో దిగుతాం. ఇది మాట." అలా అని పన్నెండేళ్ళయింది. చావు కబురు విని పాత కక్ష తవ్వుకునేవాణ్ణి మీరేమన్నా అనండి, కాదనను.

సంతాప సభలో నలుగురు మాట్లాడారు. అజాతశత్రువు అన్నారొకరు. యానానికీ ఫ్రాన్సుకీ వారధి అన్నారింకొకరు. ఆ నలుగురిలో ఇద్దరు, అతను బతికున్నప్పుడు గోదావరి గట్టు మీద మమ్మల్ని చూసి "అన్నదమ్ములు మళ్ళీ ఫ్రాన్సు బయల్దేరారర్రోయ్" అని నవ్వినవాళ్ళే. నేను లేచి మాట్లాడలేదు. చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్య మా పెదనాన్న కొడుకు. యానాం ఇండియాలో కలిసినప్పుడు, కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చన్నారు. పెదనాన్న ఉండిపోయాడు. మా నాన్న వద్దన్నాడు. ఒకే పెరట్లో గోళీలాడుకున్న ఇద్దరం రెండు దేశాలవాళ్ళమయ్యాం. అన్నయ్య ఫ్రెంచి సైన్యంలో చేరి, తర్వాత పారిస్ శివార్లలో ఉద్యోగం చేసి, పెన్షన్ వచ్చే వేళకి స్పెయిన్‌లో, వలెన్సియా దాటాక ఒక చిన్న సముద్రపు ఊళ్ళో, సెలవులకని రెండు గదుల ఇల్లు కొన్నాడు. నేను ఇక్కడే కాలేజీలో చరిత్ర చెప్పాను. ఐరోపా యుద్ధాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఐరోపాలో ఒక్క రోడ్డూ తెలీదు.

ప్రతి చలికాలం అన్నయ్య, వదిన యానాం వచ్చేవారు. సాయంత్రాలు గట్టు మీద సిమెంటు బెంచీ దగ్గర కలిసేవాళ్ళం. అన్నయ్య మ్యాపు పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేవాడు. కిలోమీటర్లలో ఏనాడూ చెప్పలేదు. యానాం నుంచి కాకినాడకి ఎంతో అదే అతని కొలత.

"పారిస్ నుంచి లియోన్ పదిహేను కాకినాడలు. అక్కణ్ణించి స్పెయిన్ సరిహద్దు ఇంకో పధ్నాలుగు. మనిల్లు మొత్తం నలభై అయిదు. కాకినాడకి నలభై అయిదుసార్లు వెళ్ళలేవేంట్రా నువ్వు?"

"ఒకేసారి ఎవడెళ్తాడు అన్నయ్యా?"

"మధ్యలో పడుకుంటాం కదరా. తెలీని కొలతలో చెప్తేనే దూరం భయపెడుతుంది."

ఒక్కొక్క మజిలీ అతని నోట వినాలి. మొదటి పూటకి పులిహోర. మర్నాటికి డిక్కీలో రైస్ కుక్కర్, రాత్రి బస చేసినచోట ప్లగ్గులో పెట్టుకోవచ్చు. సీటు కింద ఇద్దరికీ రెండు పసుప్పచ్చ కోట్లు, బండి ఆగిపోతే వేసుకుని దిగాలి, లేకపోతే పోలీసు ఊరుకోడు. ఆగస్టు మొదటి శనివారం మాత్రం చచ్చినా బయల్దేరకూడదు, పారిస్ పారిసంతా ఆ రోజే రోడ్డెక్కుతుంది. అన్నిటికన్నా ఖాళీగా ఉండేది మంగళవారం అన్నాడు. పల్లీల పొట్లం విప్పుతున్న వదిన తలెత్తింది.

"మంగళవారం ఊరు బయల్దేరడవేంటండీ? మీకేవన్నా మతి పోయిందా?"

"అందుకేనే ఖాళీగా ఉంటుంది!" అన్నాడు. గట్టు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అక్కడివాళ్ళు మంగళవారం చూడరని తెలిసే అన్నాడు.

అతనికి అప్పటికే కళ్ళు సరిగ్గా లేవు. పొద్దువాలితే నడపలేడు. రెండో డ్రైవరు లేకుండా ఆ ప్రయాణం లేదు. ఆ రెండో డ్రైవరు నేను. అరవై దాటాక పాత కారొకటి కొని నడపడం నేర్చుకున్నాను. నా వయసువాళ్ళు విష్ణుసహస్రనామం నేర్చుకుంటుంటే నేను క్లచ్ నేర్చుకున్నాను. పాండిచ్చేరి వెళ్ళి వీసా తెచ్చుకున్నాను. ఊళ్ళో నవ్వని ఇల్లు లేదు.

అక్కడ బళ్ళు కుడిపక్కన పోతాయి. దానికి నాకు ముందే అలవాటు కావాలని అన్నయ్య పట్టుబట్టాడు. ఒక ఆదివారం తెల్లవారుతూండగా దరియాలతిప్ప రోడ్డు మీదికి తీసుకుపోయాడు. "ఇది ఫ్రాన్సు అనుకో. కుడిపక్కకి పో" అన్నాడు. పోయాను. కొంగలు తప్ప మనిషి లేడు. మలుపు తిరగ్గానే చేపల తట్టలతో ఆటో ఎదురొచ్చింది. నేను బ్రేకు తొక్కానో లేదో నాకు తెలీదు. అన్నయ్య చటుక్కున హ్యాండ్ బ్రేకు లాగాడు. రెండు బళ్ళూ ముక్కూ ముక్కూ ఆనుకునేంత దగ్గరగా ఆగాయి.

"ఏంటండీ మేష్టారూ, పొద్దున్నే ఏసేశారా?" అన్నాడు ఆటోవాడు.

అన్నయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇది ఫ్రాన్సురా!" అన్నాడు.

వెనక తట్ట పట్టుకు కూర్చున్నామె అంది: "ఫ్రాన్సైతే మాకేటండి బాబూ? మా చేపలు పాడైపోతన్నాయి. ముందు మీ ఫ్రాన్సుని పక్కకి తియ్యండి."

ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆ తర్వాత కూడా రోజూ వెళ్ళాం. ఒక్కటే తేడా. నేను నడుపుతున్నంతసేపూ అన్నయ్య కుడిచెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉండేది. కబుర్లు చెప్తున్నా, పాట పాడుతున్నా అక్కడే. పెద్దవాడి జాగ్రత్త అనుకున్నాను.

జూన్ వచ్చింది. నా పెట్టె సర్దడం అయింది. ఆవకాయ సీసాకి మా ఆవిడ మూడు కవర్లు చుట్టింది. అప్పుడు ఫోన్ చేశాడు. "రావద్దురా. కారు బాగాలేదు." అంతే. ఎప్పుడు బాగవుతుందని అడిగితే, వదినకి నలతగా ఉందన్నాడు. రెండు కారణాలు చెప్పాడంటే రెండూ అబద్ధాలేనని చరిత్ర చదివినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కూతురు ఆపేసిందనుకున్నాను. అన్నయ్య ఒక్కగానొక్క కూతురు పారిస్‌లో డాక్టరు. ముసలాళ్ళు రోడ్డెక్కడం ఆ పిల్లకి నచ్చి ఉండదు, తండ్రి తాళాలు లాక్కుని ఉంటుంది. రెండు చలికాలాలు అన్నయ్య వచ్చాడు, వెళ్ళాడు. నేను గట్టు మీదికి పోలేదు. ఆ పిల్లనైతే మనసులో తిట్టని రోజు లేదు.

వదిన పోయాక అన్నయ్య యానాం వచ్చేశాడు. అప్పటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. మా గుమ్మంలో నిలబడి, "బండి ఉందా, అమ్మేశావా?" అన్నాడు. అంతకు మించి సంజాయిషీ ఏదీ లేదు. నేనూ అడగలేదు. ముసలితనంలో మనుషులు మిగలరు. మిగిలినవాణ్ణి నిలదీస్తే వాడూ పోతాడు.

అప్పటినుంచి సాయంత్రాలు అతన్ని దరియాలతిప్ప తీసుకెళ్ళేవాణ్ణి, ఈసారి ఎడమపక్కనే. అతను దారి చెప్పేవాడు. అడవిపొలం ఊరు దాటితే లియోన్. రొయ్యల చెరువుల వాసన తగిలితే సరిహద్దు. "ఇక్కడ కాసేపాగు. నిద్రొస్తే ఆగిపోవాలిరా. ఇంకొక్క ఊరు అనుకున్నవాడు ఆ ఊరు చూడడు." ఆగేవాణ్ణి. రోడ్డు అయిపోయేచోటికి వచ్చి ఇంజను ఆపితే, గోదావరి సముద్రంలో కలిసే వైపునుంచి గాలి కొట్టేది. ఆ ఇల్లు ఇక చూడబోమని ఇద్దరికీ తెలుసు. ఒక్కనాడూ పైకి అనుకోలేదు.

కూతురు పెద్దకర్మకి అందుకుంది. భోజనాలయ్యాక నా పక్కన కుర్చీ వేసుకుంది.

"స్పెయిన్ ఇల్లు ఉంది బాబాయ్, అమ్మలేదు. మీరు రండి. ప్యారిస్ నుంచి ఫ్లైట్‌లో రెండు గంటలు."

నలభై అయిదు కాకినాడల్ని రెండు గంటలు చేసేసింది. నా నోరాగలేదు. "ఆనాడు మీ నాన్నని నువ్వు ఆపకపోతే ఈ వేళ నాకీ మర్యాద అక్కర్లేకపోయేదమ్మా" అన్నాను.

"నేను ఆపానా? వెళ్ళమన్నాను బాబాయ్. బాబాయ్ నడుపుతాడుగా, చీకటి పడ్డాక నువ్వు వెనక పడుకో అన్నాను. నాన్నే అన్నారు, వాడి చేతిలో బండి పెట్టి నాకు నిద్రపట్టదే అని. ఆ మాట మీతో చెప్పొద్దన్నారు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాను. ఇన్నేళ్ళు తిట్టినందుకు ఆ పిల్లకి క్షమాపణ చెప్పాలనిపించలేదు, ఇప్పటికీ చెప్పలేదు. నన్ను నమ్మకపోతే పోయాడు. ఆ ఆటో ఎదురొచ్చిన రోజు నన్ను చూసినవాడెవడూ నమ్మడు. ఆ ముక్క నాతో అంటే, ఇంకో ఏడాది నేర్చుకునేవాణ్ణి. అప్పటికి నాకు ఓపిక ఉంది, అతనికి చూపు కాస్త ఉంది, ఇల్లూ రోడ్డూ ఉన్నాయి.

నిద్రపట్టదన్న మనిషి నిద్రపోయాడు. చివరి ఏడాది అడవిపొలం దాటక ముందే, లియోన్ రాక ముందే, నా పక్క సీట్లో అతని తల అద్దానికి ఆనేది. నేను గేరు మార్చబోతే చేతికి ఏదీ అడ్డొచ్చేది కాదు. హ్యాండ్ బ్రేకు వదిలేసిన ఆ కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా, వేళ్ళు విప్పుకుని పడి ఉండేది. లేపేవాణ్ణి కాను. రోడ్డు అయిపోయినచోట చీకటి పడేదాకా ఆగి, మళ్ళీ అంతే మెల్లగా ఇంటికి తెచ్చేవాణ్ణి. గుమ్మం దగ్గర కళ్ళు తెరిచి "ఎంతదాకా వచ్చాంరా?" అనేవాడు. నీ చేతిలో నిద్రపట్టిందిరా అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

నవ్విన ఊరిమీద నాకు కోపం లేదు, ఆ పిల్లమీదా లేదు. నేను ఈనాటికీ తప్పుపట్టేది అన్నయ్యనే.