సౌండు పెంచి ఎక్కించిన పాటలు

ఉప్పల్‌లో ఇప్పుడు మేముంటున్న ఇంట్లో సజ్జ మీది పాత సామాను దులుపుతుంటే, అమ్మ బొత్తాలు దాచుకునే రేకు డబ్బాలో నాయిన పాటల ప్లేయరు దొరికింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. ఒకప్పటి నీలం రంగు మూలల్లో అరిగి తెల్లబడింది, చుట్టూ చుట్టిన ఇయర్‌ఫోన్ల తీగ జిగటగా మారి వేళ్లకు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే యంత్రాల నూనె, చెమట, పాత రబ్బరు కలిసిన వాసన ఇంకా సన్నగా వస్తోంది. మధ్యాహ్నమంతా చార్జింగు పెట్టి చూశాను. వెలగలేదు.

ఆ వాసన నాచారంలో మేము అద్దెకున్న ఇంటిది. ఫ్యాక్టరీల వెనక సందు అది. పొద్దున ఎక్కడినుంచో కాల్చిన రొట్టెల కమ్మదనం, సాయంత్రం మందుల కంపెనీల ఘాటు, వానలు పడితే నాలా కంపు, బోనాలు వచ్చాయంటే వాటన్నిటినీ కప్పేస్తూ వేపాకు, ఊదు పొగ. ఏ కాలం నడుస్తోందో కళ్లు మూసుకునే చెప్పొచ్చు. నాయిన ఆ పక్కనే, డబ్బాలకు రేకు మూతలు కొట్టే షెడ్డులో పనిచేసేవాడు. యంత్రం దెబ్బ పడ్డప్పుడల్లా మా చెంబులో నీళ్లు సన్నగా వణికేవి, నేనూ అక్కా వాకిట్లో అష్టాచెమ్మా ఆడుతూ ఆ దెబ్బకు సరిగ్గా గవ్వలు వేసేవాళ్లం. ఆ మోత నడుమ చెవుల్లో పాట ఉంటేనే పొద్దు పోతుందని నాయిన ప్లేయరు కొనుక్కున్నాడు.

ఆదివారం దాంట్లో పాటలు ఎక్కించే రోజు. తలంట్లు అయ్యాక, పొయ్యి మీద సర్వపిండిలో వేగుతున్న నువ్వుల వాసన ఇల్లంతా నిండుతుండగా, మామ కొత్తది కొనుక్కుని మాకిచ్చేసిన పాత కంప్యూటరు మీది పూలగుడ్డ తీసేవాళ్లం. అక్క మౌసు పట్టుకునేది, నేను ఆమె కుర్చీ వెనక నిలబడేదాన్ని, నాయిన గోడకానుకుని కింద కూర్చునేవాడు. ప్లేయరులో పట్టేవి కొన్నే కనుక పాతవి తీస్తేగాని కొత్తవి ఎక్కవు. ఏ పాట పోవాలో తేలడానికే సగం పొద్దు గడిచేది.

నాయినకొక నమ్మకం ఉండేది. క్యాసెట్ల కాలంలో ఒక టేపు నుంచి ఇంకో టేపుకు ఎక్కించేటప్పుడు ఇక్కడ ఎంత పెద్దగా మోగిస్తే అక్కడ అంత పెద్దగా పడేదట. కంప్యూటరూ అంతేననుకున్నాడు.

"సౌండు పెద్దగ వెట్టి ఎక్కియ్యుండ్రి బిడ్డా. పోయినసారి సిన్నగ వడ్డయి."

మాకూ తెలియదు. స్పీకరు గుండీ చివరిదాకా తిప్పి, పాట మోగిస్తూ, తెర మీది ఆకుపచ్చ గీత నిండేదాకా కదలకుండా చూసేవాళ్లం. నడుమ ఎవరైనా తగ్గిస్తే పాట సగం నుంచి సన్నబడుతుందని అక్క నన్ను గుండీ దగ్గర కాపలా పెట్టేది. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ పిట్టగోడ మీంచి వంగి అక్కతో, "ఏందే సరితా, ఇయ్యాల గూడ మీ ఇంట్ల పెండ్లేనా? జర మమ్ముల గూడ బువ్వకు పిలువుండ్రి" అనేది. "బువ్వ లేదత్తమ్మా, ఒట్టి బరాతే" అని అక్క తడుముకోకుండా జవాబిచ్చేది. నేను తలుపు చాటుకు పోయేదాన్ని.

అయినా వారం తిరిగేసరికి మళ్లీ అదే మాట, సిన్నగ వడ్డయని. కేబులు మార్చాం. ఉప్పల్ రింగురోడ్డు ఫుట్‌పాత్ మీద కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాం. ఒక ఆదివారం మామ వచ్చి మా తతంగం చూసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"గట్ల ఉండది బావా. నువ్వు సౌండు పెంచినా, బందు వెట్టినా గదే పాట వోతది."

నాయిన కూడా నవ్వాడు. "మరెందుకు సిన్నగొస్తున్నయ్?" అన్నాడు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ సాయంత్రం, మలీద ముద్దల పళ్లెం పట్టుకుని నేనూ నాయినా గేటు దగ్గర నిలబడ్డాం. పదిమందిలో పాడాలంటే సిగ్గుపడి నేను వెనకబడ్డాను. గోడ అవతలి సందులో ఆడవాళ్లు పాట అందుకున్నారు. చప్పట్ల నడుమ అమ్మ గొంతు విడిగా తెలుస్తోంది. నాయిన నావైపు వంగి అడిగాడు.

"మీ అమ్మోల్లు ఇంకా సురువు జెయ్యలేదేంది?"

ఇంటికి వచ్చాక అక్కకు చెప్పాను. అక్క వెళ్లి, పాటలు వింటున్న నాయిన చెవిలోని ఇయర్‌ఫోను తీసి తన చెవిలో పెట్టుకుని, ఆ మోత భరించలేక వెంటనే పీకేసింది. దవాఖానాలో డాక్టరు, ఏళ్ల తరబడి యంత్రం మోతకు లోపలి నరాలు చచ్చిపోయాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నదీ ఎంతకాలమో చెప్పలేనని అన్నాడు. నాయినకు ఇంకో పని రాదు. చెవుల్లో దూది పెట్టుకుని ఆ షెడ్డుకే పోయాడు.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. అక్క స్పీకర్లు ఆపేసి, చప్పుడు లేకుండా పాటలు ఎక్కించేది. "పెండ్లి అయిపోయిందా ఏంది?" అని ఓనరమ్మ అడిగితే అక్క తలెత్తలేదు. నాయిన ప్లేయరు చెవికి పెట్టుకుని, "మంచిగున్నయ్ బిడ్డా" అనేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ సిన్నగ వడ్డయని అనలేదు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు, అపార్టుమెంట్లు లేచాయి. కంప్యూటరు పాత సామాన్లవాడికి పోయింది, అక్క కాప్రాలో ఉంటోంది. పాటలు ఎక్కించడమన్న మాటే ఇంట్లో వినబడదు. ఫోనులో అడిగిన పాటల్లా వస్తుంది, ఒకటి ఉంచుకోవడానికి ఇంకొకటి వదులుకునే పనిలేదు. నాయిన సౌండు లేని టీవీ ముందు కూర్చుంటాడు. అమ్మ ఆయనతో చేతులతోనే మాట్లాడుతుంది.

పారేయాలా, ఉంచాలా అని అడగడానికి ప్లేయరు తీసుకెళ్లి చూపించాను. నాయిన ముఖం విప్పారింది. తీగ చిక్కు విప్పుకుని, మొన తుడిచి, చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద వేళ్లు మెల్లగా తాళం వేశాయి. నల్లటి తెర నా అరచేతిలోనే ఉంది.

"సౌండు సరిపోయింది బిడ్డా" అన్నాడు.

అది ఏ పాటో నేను అడగలేదు.