తిరగెయ్యని చేప

వై టూ కే పని మీద సింగపూర్ వెళ్ళినప్పటి మాట. పడవేసుకుని చెరువులోకి వెళ్ళి, మునిగి చేపల్ని పొడిచే మా బావ స్పియర్‌గన్ ఒకటి తెమ్మన్నాడు. చేపల పిచ్చి ఉన్న మా ఆఫీసు చైనీస్ అంకుల్‌కి తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో తింటూ స్పియర్‌గన్ల కేటలాగ్ చూపించాను. పొడుగుదైతే పెద్ద చేప పడుతుందని నా లెక్క.

"ఆ చెరువు నీళ్ళలో చెయ్యి చాపితే వేళ్ళు కనిపిస్తాయా?" అన్నాడాయన.

"మోచెయ్యే కనపడదంకుల్. పాలు పోసిన టీలా ఉంటాయి."

"కనపడని చేపకి పొడుగుదెందుకు? పొట్టిది కొను."

మా మధ్య ఆవిరి మీద ఉడికించిన చేప ఉంది. పైవైపు అయిపోయిందని తిరగెయ్యబోతే, గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"తిప్పకు! చేపని తిరగేస్తే పడవ బోల్తా పడుతుందంటారు మావాళ్ళు."

"మనం పడవలో లేం కదా!" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. చాప్‌స్టిక్స్‌తో నడిముల్లు మొత్తం లేపి, కిందివైపు ముక్క నా ప్లేటులో వేశాడు.

"మీ బావ ఉంటాడుగా."