పుంగనూరు స్కీమా ఒక్కటే

ఆయుధపూజకు శుభ్రం చేయడమంటే మా వైపు ఆషామాషీ కాదు. స్టెతస్కోపు నుంచి అంబులెన్సు దాకా అన్నీ తుడిచి బొట్టు పెట్టాల్సిందే. కానీ కంప్యూటర్‌ను లోపల కూడా శుభ్రం చేయాలని పుంగనూరు రిసెప్షన్ అమ్మాయికి ఎందుకు తోచిందో ఆ దేవికే తెలియాలి.

మా ఆసుపత్రికి మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో శాఖలున్నాయి. మూడింటి కంప్యూటర్ల బాధ్యత నాదే. డేటాబేసు ఒకటే, అందులో ఒక్కో ఊరికి ఒక్కో గది. దాన్నే స్కీమా అంటాం. మధ్యాహ్నం ఆ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది.

"పండగ కదా సార్, పాతవన్నీ తీసేస్తే బాగుంటాదని పొద్దున తీసేసినా. ఇప్పుడు ఒక్క పేషెంటూ కనపడ్డంలే!"

తిట్టబోయాను. ఇంతలో అక్కడి డాక్టరు ఫోన్ అందుకున్నారు.

"ముసలామె కాలు చీము పట్టి వచ్చుండాదప్పా. పోయినేడు ఈడనే ఒక సూది పడక మొగం వాచి, ఊపిరాడలేదంట. ఏ సూదో ఇంట్లోవాళ్లకి తెలీదు, రికార్డులో ఉండాది. జ్వరం ఎక్కువైతాండాది. నేను శానాసేపు ఆగలేను."

మదనపల్లె ఆఫీసుకు పరుగెత్తాను. సర్వర్‌కు పూలదండ, కీబోర్డు నిండా కుంకుమ. పక్కనే ఆసుపత్రి యజమాని తల్లి కూర్చుని ఉంది.

"పూజ చేసినవి రేపు పొద్దున దాకా ముట్టుకోకూడదప్పా."

"ఆడ మనిషి ప్రాణం మీదికి వచ్చుండాదమ్మా!" అని గట్టిగానే అరిచాను. పెద్దావిడ మీద అరిచినందుకు సిగ్గేసింది. ఆమె లేచి, దండ తీసి, కొంగుతో కీబోర్డు తుడిచింది.

ముందు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది. దాన్ని మొత్తంగా వెనక్కి ఎక్కిస్తే పని చిటికెలో అయిపోతుంది. కానీ కుప్పంలో జ్వరాల వాళ్లు కిక్కిరిసి ఉన్నారు. పొద్దుటి నుంచి అక్కడ రాసినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకని పక్కన ఖాళీ డేటాబేసు ఒకటి తెరిచి, బ్యాకప్‌లోంచి పుంగనూరు స్కీమా ఒక్కటే అందులోకి తీయమని ఆదేశమిచ్చాను. ఎంటర్ నొక్కే ముందు ఊరి పేరును వేలు పెట్టి మరీ చదువుకున్నాను.

తెర మీద వరసగా తప్పులు. అయినా రికార్డులు వచ్చాయి. ముసలామె పేరు దొరికింది. పడని మందు అన్న చోట మాత్రం ఒక అంకె ఉంది, అంతే. మందుల పేర్లన్నీ మూడు ఊళ్లకూ కలిపి ఉండే వేరే స్కీమాలో ఉంటాయి. నేను అడిగింది పుంగనూరు కాబట్టి అది పుంగనూరే ఇచ్చింది, ఆ తప్పులూ అందుకే. దాని విధేయతకు ఒళ్లు మండింది.

ఫోన్‌లో డాక్టరు గొంతు పెంచారు. "ఏమప్పా, దొరికిందా లేదా?"

"ఒక్క నిమిషం సార్, సూది మాత్రం వెయ్యద్దండి!"

అదే బ్యాకప్‌లోంచి ఆ ఉమ్మడి స్కీమానూ తీశాను. అంకె పక్కన పేరు వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.



"ఇంక ఆగలేక ఆ మందే సిరంజిలోకి తీసి పట్టుకోనుండానప్పా" అన్నారు డాక్టరు. "పారేస్తాండా. వేరేది వేస్తా."

ఫోన్ పెట్టేశాను. పెద్దావిడ ఆ దండను ఒళ్లో పెట్టుకుని నా ముఖమే చూస్తూ ఉంది.