దాటేసిన పద్యం

మొన్న సంతలో గొర్రె కంబళి కొన్నాను. ముఖానికి ఆనించుకోగానే, ఆ ఉన్ని వాసనకి మా ఊళ్లో గొర్రెలు కాసే ఓబన్న తాత గుర్తొచ్చాడు.

డెబ్బైలలో ఒక కరువేడు. వాన మొహం చాటేస్తే చావిడిలో పురాణం చదివించడం మా ఊరి ఆనవాయితీ. ఒక్క పద్యమూ వదలకుండా చదివితేనే వాన పడుతుందనేవాళ్లు. నాకు పద్యాలు నేర్పే అయ్యవారికి ఆసారి గొంతు పోయింది. ఆయన బదులు పదేళ్ల నన్ను కూర్చోబెట్టారు. ఊరంతా పనులు మానుకుని ఎదురుగా కూర్చుంది. మధ్యలో నోరు తిరగని పెద్ద పద్యం ఒకటొచ్చింది. అయ్యవారు దగ్గుతూ తల తిప్పుకోగానే దాన్ని దాటేసి, కింది పద్యం అందుకున్నాను.

పది రోజులైనా చినుకు లేదు. వేరుశనగ చేలు వాడిపోతున్నాయి. అంతా నావల్లేనని నాకు అన్నం సయించలేదు. చివరికి గొర్రెలు తోలుకుపోతున్న ఓబన్న తాతకు అడ్డం పోయి, ఏడుస్తూ చెప్పేశాను. తాతకు అక్షరం ముక్క రాదు.

కంబళి అంచుతో నా ముక్కు తుడిచాడు. "యాడ దాటేసినావో మాకు తెలీదా పాపా? ఇన్నేండ్ల నుంచి వింటానే ఉండాం గదా! నువ్వు ఇడిసిపెట్టింది మేమందరం లోపల్లోపల చెప్పుకున్యాంలే. ఏడవాకు."

ఆ ఏడు వాన రానే లేదు.

తర్వాత ముప్పై ఏళ్లు కాలేజీలో పద్యాలే పాఠం చెప్పాను. నేను వదిలేస్తే అందుకునే తరగతి మాత్రం, ఆ చావిడి తప్ప ఇంకొకటి దొరకలేదు.