పొడవాటి లెన్సులో ఓబులమ్మ

ప్రయాణానికి కెమెరా సంచి సర్దుకుంటున్నారు కదా, దూరాన్ని దగ్గరికి లాగే ఆ పొడవాటి లెన్సు నిజమే చెబుతుందని మీకు ఎవరు హామీ ఇచ్చారు?

ఈ ఉదయం నా లెన్సు తిప్పుతుంటే రబ్బరు పట్టీలో ఇరుక్కున్న ఇసుక కరకరలాడింది. షాహీనక్క గుర్తొచ్చింది. మార్కాపురంలో ఫోటో స్టూడియో నడిపేది. సెలవు దొరికితే నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగేది. నాకు కెమెరా పట్టడమే కాదు, వాదించడమూ నేర్పింది ఆమే. "ఎవురు చెప్పినారని కాదు తమ్ముడూ, వాళ్ళకు ఎట్ల తెలిసిందని అడుగు" అనేది. ఇప్పుడు ఆమె లేదు.

ఒక సాయంకాలం రాచర్ల దగ్గర చేనుగట్టున నిలబడి, దూరంగా ఉన్న గొర్రెల దొడ్డిని పొడవాటి లెన్సుతో ఫోటో తీసింది. బాగుందని ఫోనులో స్టేటస్ పెట్టింది. ముళ్ళకంచె లోపల గొర్రెలు. వాటి మీదికి చేతులెత్తి నల్లగా ఒక ముసలామె. ముఖం ఉండాల్సిన చోట మసక. నిజానికి ఆ ముసలామె, ఓబులమ్మ, దొడ్డికి చాలా వెనక, బోరు దగ్గర తడిచీర దులుపుతోంది. మేము కళ్ళారా చూశాం. ఫోటోలో మాత్రం మధ్యనున్న చేను మాయమైంది.

మర్నాడు ఆ దొడ్డిలో కొన్ని గొర్రెలు గిలగిల కొట్టుకుని చచ్చాయి. ఫోటో ఊరంతా తిరిగింది. చేతబడి అన్నారు. మూఢనమ్మకానికి ఇప్పుడు మంత్రగాడు అక్కర్లేదు, మంచి లెన్సు చాలు! ఓబులమ్మ కోడలు స్టూడియోకు ఫోన్ చేసి ఏడ్చింది: "అక్కా, మా అత్త పళ్ళు రాలగొడతారంట. అట్లయితే నోట్లో మంత్రం పోతాదంట. నువ్వు తీసిన ఫోటోనే సాక్ష్యమంటన్నారు."

మేము ఆటోలో చేరేసరికి ఓబులమ్మ గడప మీద కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. గొర్రెల యజమాని సుబ్బయ్య తన ఫోను మా ముఖాన పెట్టాడు.

"ఏంది షాహీనమ్మా, నీ మిషనే చెప్తాంది గదా. ఇంకేం కావాల?"

"నా మిషను అబద్ధం చెప్పింది మామా. రా, నిన్ను గూడా దొడ్లో నిలబెడతా, నువ్వు కాలు పెట్టకుండానే."

"నన్నా? నేనేమన్నా దయ్యాన్నా?"

"ఫోటో చూసినాక చెప్తాంలే."

చుట్టూ చేరిన గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. పళ్ళు రాలగొట్టడానికి రాయి పట్టుకున్నవాడు కూడా వెంట నడిచాడు.

పొద్దు వాలుతోంది. సుబ్బయ్యను బోరు దగ్గరికి పంపి, షాహీనక్క చేనుగట్టున కెమెరా నిలబెట్టి అందరికీ తెర చూపించింది. ఫోనులో అతన్ని చెయ్యి చాచమంది. తెరలో ఆ నల్లని చెయ్యి మెల్లగా వచ్చి, బతికి ఉన్న ఒక గొర్రె వీపు మీద వాలింది. గొర్రె కదలలేదు. తలెత్తి చూస్తే మనిషి ఎక్కడో చీమంత. తల దించితే దొడ్డి నడుమ. కారణం తెలిసిన నేనే రెండుసార్లు తలెత్తి చూశాను. షాహీనక్క బటను నొక్కింది. సుబ్బయ్య తిరిగివచ్చి ఫోటో చూసి, "నేను ఆడ లేనే" అని గొణిగాడు.

"ఓబులమ్మా లేదు" అంది షాహీనక్క.

రాయి కింద పడిన చప్పుడు విన్నాం. తర్వాత పశువుల డాక్టరు వచ్చి, గొర్రెల పేగుల్లో విషం పుట్టించే చిటుకు రోగమని తేల్చాడు, మిగిలినవాటికి టీకాలు వేశాడు. ఓబులమ్మ పళ్ళు దక్కాయి. కానీ ఆమె మళ్ళీ సాయంకాలం పూట బోరు దగ్గరికి వెళ్ళలేదు.

షాహీనక్క ఆ లెన్సును పారెయ్యలేదు. దానితో ఏది తీసినా, పక్కకు నడిచి వెళ్ళి, పొట్టి లెన్సుతో మధ్యనున్న దూరాన్ని కూడా తీసేది. "తప్పు గాజుది కాదు, నడవని నాది" అనేది. నేనూ రెండూ మోస్తాను, భుజం నొప్పి పెట్టినా సరే. మీరూ పొట్టి లెన్సు లేకుండా గడప దాటకండి. ఒక మనిషిని దోషిగా చూపే ఫోటో మీ ఫోనుకు వస్తే ఇంకొకరికి పంపకండి. ముందు ఆ చోటికి వెళ్ళండి. ఫోటోలో కనబడని ఆ చేనుకు అడ్డంగా నడవండి.