ప్లేటుకో కొసరు ముక్క

ఇప్పుడు పెళ్లి భోజనాల్లో పుట్టగొడుగుల కూర వడ్డిస్తే ఎవరూ తలెత్తి చూడరు గానీ, స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్న ఆ రోజుల్లో పుట్టగొడుగు అంటే తొలకరి వానకి దానంతటది మొలవాలి, ముందు లేచినవాళ్లు ఏరుకోవాలి, అంతే. దాన్ని గాజు ప్లేట్లలో పెంచుతారనీ, నన్ను ఆ పనికి పెట్టుకున్నారనీ చెబితే మా జాలరిపేటలో పడీపడీ నవ్వారు. "ఏటే గుంటా, సేపలొగ్గేసి కుక్కగొడుగులకి కాపలా కాత్తావా?" అంది మా అమ్మ. నాకప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. అక్షరం ముక్క రాదు. చిన్నప్పటి నుంచీ అమ్మ వెనకాల చేపల గంప మోసినదాన్ని కాబట్టి మెడ గట్టిది, నోరు అంతకంటే గట్టిది.

పని పెందుర్తిలో. అక్కడ ఒక సారు తన పెరటి గదిలో పుట్టగొడుగు విత్తనం తయారుచేసి రైతులకు ఇచ్చేవారు. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లలో పంచదార, అగర్ వేసి కాచి ప్లేటులో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. (అగర్ సముద్రపు నాచులోంచి తీస్తారని విన్నప్పుడు, అయితే మా వైపు చుట్టమేనని సంబరపడ్డాను.) దాని మీద బతికున్న పుట్టగొడుగు ముక్క పెడితే వారంలో తెల్లటి పోగులు ప్లేటంతా పాకుతాయి. ఆ పోగుల్లోంచి చిన్న ముక్కలు తీసి కొత్త ప్లేట్లలోకి మార్చాలి. ఆ మార్చే పని ఒక అక్కది, ప్లేట్లు కడిగే పని నాది. అక్క పురిటికి పుట్టింటికి వెళ్లడంతో, "నాను సేత్తాను సారూ" అని ముందుకు దూకాను.

"ఊపిరి బిగబట్టి, నోరు మెదపకుండా కూకోగలవేటమ్మా?" అన్నారు సారు. గట్టిగా ఊపిరి వదిలినా, మాట్లాడినా ప్లేటులో బూజు పడుతుందట. "ఎందుకు కూకోలేను సారూ?" అన్నాను. (నా జన్మలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది అదే.) ఆయన ఒక ప్లేటు ఎంతో జాగ్రత్తగా తెచ్చి స్పిరిట్ దీపం పక్కన పెట్టారు. వానలకి మిగతావన్నీ పచ్చగా బూజుపట్టి పోగా మిగిలిన తెల్లరకం అదొక్కటే. "ఇది పోతే ఈ ఏడు రైతులకి విత్తనం లేదు. నీకూ నాకూ పని లేదు" అన్నారు. అంచున కొత్తగా పాకుతున్న పోగులే తీసుకోవాలి, ప్లేటుకి మెతుకంత ముక్క ఒకటి పెట్టాలి అని చూపించి, ఎవరో పిలిస్తే బయటికి వెళ్లారు.

నేను ఊపిరి బిగబట్టి, సూది మంటలో కాల్చి చల్లార్చి, మొదటి ప్లేటులో ముక్క పెట్టాను. అంత పెద్ద ప్లేటులో మెతుకంత ముక్క ఒక్కటే! నా ప్రాణం ఒప్పలేదు. చేపలు తూచాక పైన ఒక చిన్న చేప కొసరు వెయ్యకుండా మా ఇంట్లో ఎవరూ బేరం ముగించి ఎరగరు. అయితే కొసరు అసలు గంపలోంచి తియ్యరు కదా, పక్క గంపలోంచి తీస్తారు. పక్కన ఇంకో ప్లేటు ఉంది, సారు ఎక్కడినుంచో పరీక్షకని తెచ్చిన బూడిదరంగు రకం. ప్లేటులో అదీ తెల్లగానే ఉంటుంది. దానిలోంచి ఒక్కో ముక్క తీసి, గంపలో చేపలు సర్దినట్టు రెండు ముక్కల్నీ ఎదురెదురుగా అందంగా సర్దాను. పన్నెండు ప్లేట్లూ అలాగే చేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వారం తిరిగాక సారు ఒక ప్లేటు వెలుగులోకి ఎత్తి చూశారు. రెండు వైపుల నుంచీ పోగులు పాకి వచ్చి, మధ్యలో పసుపుపచ్చ గీత దగ్గర ఆగిపోయాయి.

"ఇదేటమ్మా, ఒక ముక్క పెట్టమంటే రెండున్నాయి?"

"ఒకటి మీరు సెప్పింది సారూ. రెండోది కొసరు."

"కొసరా? ఎవరికి?"

"ప్లేటుకి."

సారు పీట లాక్కుని కూలబడ్డారు. ఆ రెండు రకాలూ కలవవట. "ఎదురుపడితే ఇలాగే గట్టేసుకుంటాయి, మా ఊళ్లో అన్నదమ్ముల్లాగ" అన్నారు. పాత ప్లేటు చూస్తే, నేను పదేపదే మూత తీసిన పుణ్యమా అని పచ్చబూజు. అసలు రకం ఉన్నదల్లా ఆ పన్నెండు ప్లేట్లలో, గీతకి ఏదో ఒక పక్కన. "రెండూ తెలుపే. ఏది ఏదో దేవుడికే తెలియాలి" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ప్లేటు వంక చూశాను. చూస్తే తెలిసిపోతోంది! "సూడండి సారూ, దీని పోగులు సేప రెక్కలాగ సూటిగున్నాయి, మీరిచ్చిన ప్లేటులోనూ ఇలాగే ఉండేవి. ఆ కొసరుదేమో ఏకిన దూదిలాగ ఉబ్బుంది. రెండు రకాల సేపలు ఒక గంపలో కలిసిపోతే రోజూ ఏరినదాన్ని, ఇది ఏరలేనా?"

సారు ఆలోచించి ఆలోచించి సూది నా చేతికిచ్చారు. గీతకి వీలైనంత దూరంగా, సూటి పోగుల కొస నుంచి ముక్కలు తీస్తున్నాను. సారు వెనకాల నిలబడి, "మాటాడకు... మెల్లగా... మాటాడకు" అని ఒకటే గొణుగుడు. నోరు తెరవలేక, నోరు ముయ్యమని ఆయనకే చేత్తో సైగ చేశాను. (పెద్దమనిషి, మూసుకున్నారు.) ఈసారి ప్లేటుకి ఒక్కటే ముక్క. ఆరు ప్లేట్లు.

ఆ పోగుల నుంచి విత్తనమై, గడ్డి సంచుల్లోకి వెళ్లి, మొలకలు బయటపడేదాకా నాకు అన్నం సహించలేదు. చివరికి ఒక ఉదయం సంచులన్నిటి మీదా తెల్లగా విచ్చుకున్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా బూడిదరంగు లేదు. సారు సంచులన్నీ రెండుసార్లు తిరిగి చూసి, "రేపట్నుంచి ప్లేట్లు ఇంకొకరు కడుగుతారు. నువ్వు బల్ల దగ్గర కూకో" అన్నారు.

మర్నాడు నేను ఉన్న ఒక్క పట్టుచీరా కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు, "ఎవురి పెళ్లమ్మా?" అన్నాడు. దీపం ముందు కూర్చోబోతుంటే సారు లబలబలాడారు. "ఓలమ్మ! కొంగంటుకుంటే ఇల్లంతా కాలిపోతాది!" చివరికి వాళ్ల ఆవిడగారి వెలిసిపోయిన నూలు చీర చుట్టుకుని, పూలు తీసి కిటికీలో పెట్టి, అసలైన నా మొదటి రోజు పని మొదలుపెట్టాను.

గాజు ప్లేట్ల ముందు కూర్చోవడానికి పట్టుచీర కట్టుకెళ్లిన ఆ పిల్లని నలుగురి ముందూ ఆటపట్టిద్దామనే, తర్వాత ఆ బల్ల దగ్గరే నేర్చుకున్న అక్షరాలతో ఇది రాయడానికి కూర్చున్నాను. రాస్తూ రాస్తూ ఉంటే, దాని మీద నాకే ముచ్చటేసింది.