తలెత్తి చూసి వేసిన హాజరు

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. వాళ్ల కాలేజీలో ఏదో కమిటీ వేశారట. మగవాళ్లను ఇష్టపడే మగపిల్లలు, ఆడవాళ్లను ఇష్టపడే ఆడపిల్లలు, ఆడో మగో అన్న రెండు గళ్లలో ఇమడని పిల్లలు, వీళ్లంతా క్లాసులో బెరుకు లేకుండా కూర్చోవాలంటే లెక్చరర్లు ఏం చేయాలో పది మాటలు రాసివ్వమన్నారట. నీకంటే ఎవరికి తెలుసు మామయ్యా అని అడిగింది. నా సంగతి ఆ పిల్లకు ఏనాడో చెప్పుకున్నాను కనుక అలా అడగగలిగింది. సరేనన్నాను గానీ కాగితం ముందు పెట్టుకుంటే పది మాటలూ రాలేదు. ఎనభైల నాటి నరసరావుపేట, మా డిగ్రీ కాలేజీలో చివరి పీరియడు, మా ఎకనామిక్స్ మాస్టారు వేసే హాజరు, ఇవే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో గంట కొట్టగానే ఆడపిల్లలు క్లాసులోకి వచ్చేవాళ్లు కాదు. లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చుని, లెక్చరరు గారు రిజిస్టరు పట్టుకుని బయలుదేరితే ఆయన వెనకే వరసగా వచ్చి ముందు బెంచీల్లో కూర్చునేవాళ్లు, పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనకే వెళ్లిపోయేవాళ్లు. నేను గురజాల దగ్గర పల్లె నుంచి వచ్చి అద్దె గదిలో ఉండి చదువుకుంటున్నవాణ్ణి, మిరపకోతలకు వెళ్లే తల్లి కొడుకుని. నా గొంతు సన్నం, నడకలో ఒయ్యారం పుట్టుకతో వచ్చింది, మనసు మగపిల్లల మీదికే పోయేది. దానికొక పేరుంటుందని తెలియక, పైరుకు పట్టినట్టు నాకూ ఏదో తెగులు పట్టిందనుకునేవాణ్ణి.

నా నంబరు వచ్చినప్పుడు నేను ప్రెజెంట్ సార్ అంటే, వెనక బెంచీల నుంచి నాలుగైదు గొంతులు అదే మాటను సన్నగా సాగదీసి అనేవి. క్లాసంతా నవ్వేది. కొందరు లెక్చరర్లూ నవ్వేవాళ్లు. దాంతో హాజరు పలకడం మానేసి, క్లాసులో కూర్చుని ఉండి కూడా ఆబ్సెంటు వేయించుకున్నాను, ఆ తర్వాత క్లాసుకు వెళ్లడమే తగ్గించాను. చివరికి, హాజరు చాలనందున పరీక్షకు కూర్చోనివ్వబోమని నోటీసు బోర్డులో పెట్టిన జాబితాలో నా నంబరు కనపడింది. చదువు పోయిందంటే ఇంటికి తీసుకెళ్లి పెళ్లి చేసేస్తారు.

ఎకనామిక్స్ మాస్టారు వినుకొండ వైపు మనిషి, కటువుగా కనిపించేవారు. ఆ జాబితా చూసి నన్ను పిలిపించారు. వెనక బెంచీల కూతలు ఆయనా విన్నవే కనుక సంగతి అర్థమైంది. మర్నాటి నుంచి నన్ను కూడా వెయిటింగ్ రూము దగ్గర నిలబడమని చెప్పి, ఆడపిల్లల వరస చివర తన వెనకే నడిపించుకు వెళ్లి ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఆకతాయిల నుంచి ఒకరిని కాపాడటానికి ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే మరి. ఆ ఊరేగింపు చూడటానికి వరండా అంతా నిండిపోయింది. రెండో రోజు నల్లబల్ల మీద చీర కట్టిన బొమ్మ గీసి కింద నా నంబరు వేశారు. మూడో రోజు నేను పెట్టె సర్దుకుని, టీసీ అడుగుదామని స్టాఫ్ రూముకు వెళ్లాను.

అప్పటికే లోపల మా క్లాసు అమ్మాయి, లారీ మెకానిక్ సాయిబు గారి కూతురు, మాస్టారి ఎదుట నిలబడి ఉంది.

"ఆ అబ్బాయి మాతో నడిస్తే మాకేం ఇబ్బంది లేదు సార్. కానీ మీరు మమ్మల్ని అడగలా, ఆ అబ్బాయినీ అడగలా," అంటోంది.

ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల లెక్చరరుతో అంత మాట అనడం సామాన్యం కాదు. మాస్టారు గుమ్మంలో ఉన్న నన్ను చూశారు.

"తప్పు చేశానురా అబ్బాయ్. నిన్ను దాయాలని చూశా. దాయాల్సింది నిన్ను కాదు. ఇంతకీ నువ్వు ఏడ కూర్చుంటావు?"

కిటికీ పక్కన మూడో బెంచీ అని చెప్పాను. పెద్దవాళ్లెవరైనా నాతో తప్పు చేశాననడం అదే మొదటిసారి, నేనేం కావాలనుకుంటున్నానో అడగడమూ అదే మొదటిసారి.

ఆయన క్లాసు రోజూ చివరి పీరియడే. మర్నాటి నుంచి హాజరును పాఠం చివరికి మార్చారు. నంబరు తాను పిలుస్తారు, ఎవరూ పలకనక్కర్లేదు, ఆయనే తలెత్తి మనిషిని చూసి టిక్కు పెట్టుకుంటారు, ఎవరు కూత పెట్టినా మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలు. మొదటి రోజు నాలుగుసార్లు ఒకటికి వచ్చారు. ఎవరినీ తిట్టలేదు, వెనక్కి చూడనైనా లేదు. ఈలోగా మాచర్ల బస్సు వెళ్లిపోయింది. వెనక బెంచీల్లో మాచర్ల వైపు వాళ్లే ఎక్కువ కాబట్టి వారం తిరిగేసరికి వాళ్లే ఒకరి నోరు ఒకరు మూయించుకున్నారు. నాకు దక్కిన మర్యాదలో ఆ బస్సు వాటా కూడా ఉందని ఇప్పటికీ నవ్వుకుంటాను. ఆయన అంతటితో ఊరుకోక, ఎదుట కూర్చున్నవాడికి ఆబ్సెంటు వేసింది తానేననీ, తప్పు తనదేననీ ప్రిన్సిపాలు గారికి రాసిచ్చి, జాబితాలోంచి నా నంబరు తీయించారు.

పరీక్షల ముందు చివరి క్లాసులో నా నంబరు పిలిచి ఆయన తలెత్తినప్పుడు, ఎందుకో తెలియదు, ప్రెజెంట్ సార్ అనేశాను. అదే సన్నగొంతు. ఎవరూ నవ్వలేదు. మాస్టారు టిక్కు పెట్టి తర్వాతి నంబరు పిలిచారు, అందరికీ చేసినట్టే. ఆ సాయంత్రం గదికి వెళ్లి సంతోషం పట్టలేక ఏడ్చాను.

తర్వాత నేనూ బడిపంతులునై, రిటైరయ్యేదాకా తలెత్తకుండా ఒక్క హాజరూ వేయలేదు. మాస్టారు ఇప్పుడు లేరు. చిలకలూరిపేటలో స్థిరపడిన సాయిబు గారి అమ్మాయి మాత్రం ప్రతి రంజానుకూ ఫోన్ చేసి, భోంచేశావా అని అడుగుతుంది. ఆ ఇద్దరూ లేకపోతే నా బతుకు ఏమయ్యేదో.

మేనకోడలి కాలేజీలో ఇప్పుడు ఎవరి పేరూ పిలవరట. గుమ్మం దగ్గర మిషన్లో వేలు పెడితే హాజరు పడుతుందట. ఎవరి గొంతూ వినపడదు కాబట్టి ఆ నవ్వులూ లేవంది. నిజంగా సంతోషించాను. కానీ ఆ మిషను తలెత్తి చూడదు కదా అనిపించింది. అందుకే పది మాటలు మానేసి రెండే రాసి పంపాను: రోజుకొకసారైనా ప్రతి ఒక్కరినీ తలెత్తి చూడండి. చూశాక, అందరికీ చేసినట్టే, తర్వాతి నంబరుకు వెళ్లండి.